టీచరమ్మ మళ్ళీ చదువుకుంటానంటే

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఆడపిల్ల చదువుకుంటానంటే వద్దనేవాళ్ళు ఈ రోజుల్లో తక్కువ. కోడలు ఉద్యోగం చేస్తానన్నా "సరే, నీ యిష్టం" అనేవాళ్ళే ఎక్కువ. కానీ ఇంట్లో ఓ టీచరు వుండి, పదేళ్ళో పన్నెండేళ్ళో పాఠాలు చెప్పిన తర్వాత ఓ రోజు భోజనాల దగ్గర "నేను ఎం.ఏ. కడదామనుకుంటున్నాను" అన్నదనుకోండి, అప్పుడు మాత్రం అందరి నోటా ఒకటే ప్రశ్న వస్తుంది. "ఉద్యోగం వుందిగా, ఇప్పుడెందుకమ్మా చదువు?" అని. దాని వెనకే రెండో ప్రశ్న: "పోనీ, జీతమేమైనా పెరుగుతుందా?" వెంటనే పెరగదంటే ఇక మాట అక్కడితో ఆఖరు. పళ్ళెంలో మజ్జిగ పోసుకోవడమే తరువాయి!

ఈవేళ మీతో ముచ్చటించదలచుకున్నది ఈ రెండు ప్రశ్నల గురించే. నేను టీచర్ని కాను. పదో తరగతితో చదువు ఆగిపోయి సంసారంలో పడ్డదాన్ని. అయితే ఇద్దరు పిల్లల్ని టీచర్ల చేతుల్లో పెట్టినదాన్ని. మా తోడికోడలు మునిసిపల్ స్కూల్లో టీచరు. కింది వాటాలో మేము, పై వాటాలో వాళ్ళు. ఆవిడ ఉద్యోగం చేస్తూ ఎం.ఏ. ఎడ్యుకేషన్ చదివిన మూడేళ్ళూ నేను దగ్గరుండి చూశాను. వంట రుచి తెలియాలంటే వండినవాళ్ళే చెప్పక్కర్లేదు గదా, తిన్నవాళ్ళు కూడా చెప్పొచ్చు. ఆ చనువుతోనే నాలుగు మాటలు చెబుతున్నాను.

ముందు మన వంటింట్లోంచే మొదలుపెడతాను. మనకందరికీ వంట వచ్చు. మరి వంట నేర్పడం వచ్చా? కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల "అత్తయ్యా, చారులో ఉప్పెంత వెయ్యను?" అంటే "తగినంత" అంటాం. "చింతపండో?" అంటే "చూసుకుని వెయ్యి" అంటాం. "పోపు ఎప్పుడు దించాలి?" అంటే "వేగాక" అంటాం. పాపం, ఆ పిల్ల ఆవాలు మాడ్చేస్తుంది. మనకి వంట రాక కాదు, చెప్పడం రాక. ఆ పిల్ల ఎక్కడ తడబడుతుందో మనం ఎప్పుడో మరిచిపోయాం. "ఆవాలు చిటపటలాడడం ఆగేలోపల జీలకర్ర పడాలి, మిరపకాయ రంగు తిరగ్గానే మంట తగ్గించాలి" అని విప్పి చెప్పగలిగితే ఆ పిల్ల పోపు మాడ్చదు. వంట తెలియడం ఒక విద్య, నేర్చుకునేవాళ్ళ తడబాటు తెలియడం ఇంకో విద్య.

పాఠం చెప్పడం కూడా అచ్చంగా ఇంతే. అమెరికాలో లీ షుల్మన్ అనే ఆచార్యుడు 1986లో ఒక వ్యాసంలో ఈ సంగతే రాశాడు. టీచరుకి సబ్జెక్టు తెలియాలి, నిజమే. తరగతిని అదుపులో పెట్టుకుని పాఠం నడపడం తెలియాలి, అదీ నిజమే. కానీ ఈ రెండింటికీ నడుమ మూడోదొకటి వుంది. ఈ పాఠం ఏ ఉదాహరణతో చెబితే పిల్లల బుర్రకెక్కుతుంది, ఎక్కడికొచ్చేసరికి వాళ్ళు పొరబడతారు, ఎందుకు పొరబడతారు అన్న ఎరుక. టీచరుకి అసలు పెట్టుబడి అదేనని ఆయన వాదన. ఎంత లెక్కలు వచ్చినవాడైనా లెక్కల టీచరు కాలేకపోవడం మనం చూస్తూనే వుంటాం గదా!

"అదంతా బి.ఇడి.లో చెప్పే వుంటారుగా?" అని మీరడగవచ్చు. చెబుతారు, కాదనను. కానీ ఎప్పుడు చెబుతారు? ఇరవై, ఇరవై రెండేళ్ళ వయసులో, ఇంకా తనదంటూ ఒక తరగతి లేనప్పుడు. అప్పుడు పుస్తకంలో "వెనకబడిన విద్యార్థి" అని వుంటే అది వట్టి మాటే. పదేళ్ళు పాఠాలు చెప్పాక అదే మాట చదివితే, మూడో బెంచీలో కిటికీ పక్కన కూచునే పిల్లవాడి మొహం కనిపిస్తుంది. ఆడ పడుచు పెళ్ళి చేసినవాళ్ళకే పెళ్ళి ఖర్చుల పట్టీ అర్థమైనట్టు, పిల్లలతో వేగినవాళ్ళకే ఆ పుస్తకాలు అర్థమవుతాయి. అంచేత ఉద్యోగం చేస్తూ చదివే పై చదువు, కాలేజీ నుంచి సరాసరి చదివేసే పై చదువు ఒకటి కావు. "ఉద్యోగం వుందిగా, ఇప్పుడెందుకు?" అన్నదానికి జవాబు ఇదే: ఉద్యోగం వుంది గనకనే.

మాటల్లో చెబితే నమ్మకం కుదరదు గనక ఒక్క సంగతి చెబుతాను. మా తోడికోడలు మూడో తరగతి చెబుతుంది. తీసివేతలు వస్తున్నాయి. 52 లోంచి 27 తియ్యమంటే తరగతిలో చాలామంది 35 అని రాస్తున్నారు. ఒక పిల్లవాడైతే ఏ లెక్కిచ్చినా ఇదే వరస. ఎర్ర సిరాతో ఇంటూలు పెట్టడం, పక్కన "జాగ్రత్తగా చేయుము" అని రాయడం, మళ్ళీ రేపు అదే తప్పు. ఆ పిల్లవాడికి ఏకాగ్రత లేదని తల్లిని పిలిపించి చెప్పారు కూడా. ఆ తల్లి ఇంటికి తీసుకుపోయి నాలుగంటించి వుంటుంది, అది వేరే చెప్పాలా?

ఈలోగా ఈవిడ చదువులో ఒక పని పడింది. ఏదైనా ఒక పిల్లవాడు తప్పు చేసినప్పుడు దిద్దకుండా, వాడి చేతే అడిగి చెప్పించుకుని, విన్నది విన్నట్టు రాయాలి. సరే, వాణ్ణే పక్కన కూచోబెట్టుకుని "నాన్నా, ఈ లెక్క ఎలా చేశావో నాకు చెప్పు" అన్నది. వాడు తడుముకోకుండా చెప్పాడట: "రెండులోంచి ఏడు పోదు గదండీ టీచర్, అందుకని ఏడులోంచి రెండు తీశాను. అయిదు వచ్చింది. అయిదులోంచి రెండు తీస్తే మూడు."

చూశారా! వాడికి ఏకాగ్రత లేకపోవడమేమిటి? వాడి దగ్గర ఒక నియమం వుంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తియ్యాలి, అది పైనున్నా సరే, కిందున్నా సరే. ఆ నియమాన్ని ఒక్క లెక్క కూడా తప్పకుండా పాటిస్తున్నాడు. నియమమే తప్పు. బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే పిల్లల లెక్కల తప్పుల్ని పరీక్షించి, అవి చాలావరకు నిర్లక్ష్యంతో చేసినవి కావనీ, లోపల ఒక తప్పు పద్ధతి స్థిరంగా నడుస్తూ వుంటుందనీ చూపించారు. ఈ సంగతి పుస్తకంలో చదివిన వారంలోనే పిల్లవాడి నోటి వెంట విన్నది మా తోడికోడలు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ కూడా తాగకుండా నాకు చెప్పింది.

మర్నాడు కొబ్బరి చీపురు ఒకటి విప్పి పుల్లలన్నీ ఒక్క పొడుగున విరిచి, పదేసి చొప్పున రబ్బరుబ్యాండుతో కట్టలు కట్టాం. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు: అది 52. "ఇందులోంచి నాకు 27 పుల్లలివ్వు" అంటే పిల్లవాడు ఏం చేస్తాడు? విడి పుల్లలు రెండే వున్నాయి, ఏడు కావాలి. కాసేపు చూసి, తనంతట తానే ఒక కట్ట విప్పాడు. ఇప్పుడు కట్టలు నాలుగు, విడివి పన్నెండు. ఏడు ఇచ్చాడు, అయిదు మిగిలాయి. రెండు కట్టలు ఇచ్చాడు, రెండు మిగిలాయి. 25! "అప్పు తెచ్చుకోవడం" అని మనకి చిన్నప్పుడు చెప్పిన మంత్రం వుందే, దాని అర్థం కట్ట విప్పడమని ఆ రోజు నాకూ తెలిసింది. నలభై దాటాక!

ఇందులో ఖర్చు ఎంత? ఒక చీపురు. మారిందేమిటి? పుస్తకంలో ఇంటూ కనపడితే "వీడికి రాదు" అనుకోవడం పోయి, "వీడు ఎలా ఆలోచించాడు?" అని అడగడం వచ్చింది. ఆ చదువుకి పెట్టిన డబ్బూ, కష్టమూ ఈ ఒక్క ప్రశ్నకే సరిపోయాయని నా ఉద్దేశం.

అయితే అంతా పూలబాట కాదు సుమండీ. కట్టలు కట్టుకుంటూ కూచుంటే సిలబస్ రెండు వారాలు వెనకబడింది. స్కూల్లో పైవాళ్ళు "ఈ ఆటలేమిటమ్మా, పరీక్షలు దగ్గరకొస్తుంటే" అన్నారు. పక్క సెక్షను పిల్లలు గుణకారాల్లోకి వెళ్ళిపోయారని తల్లిదండ్రులు కొందరు వచ్చి అడిగారు. ఈవిడ రెండు శనివారాలు మధ్యాహ్నం కూచుని ఆ లోటు పూడ్చుకోవలసి వచ్చింది. కొత్త పద్ధతి తరగతిలోకి వచ్చేటప్పుడు ఈ బరువు ఎవరో ఒకరు మొయ్యాలి. అది టీచరే మోస్తుంది. మనం బయటినుంచి చూసేవాళ్ళం ఆ సంగతి మరచిపోకూడదు.

ఇక ఏ చదువు, ఎక్కడ అన్న విషయానికి వస్తాను. ఉద్యోగంలో వున్న టీచర్లు ఎప్పటికప్పుడు చదువుకోవాలన్నది కొత్త మాట కాదు. 1964 నుంచి 1966 వరకు పనిచేసిన కొఠారి కమిషన్, ప్రతి టీచరుకూ అయిదేళ్ళ సర్వీసులో కనీసం రెండు మూడు నెలల శిక్షణ వుండాలని చెప్పింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఏడాదికి కనీసం 50 గంటలు అన్నది. కానీ శిక్షణ తరగతులు వేరు, పై చదువు వేరు. శిక్షణలో ఇంకొకరు వచ్చి చెబితే మనం రాసుకుంటాం. పై చదువులో మనమే ఒక ప్రశ్న పట్టుకుని దాని వెంట పడాలి.

ఉద్యోగం, సంసారం వదలకుండా చదువుకునే వీలు మన తెలుగువాళ్ళకి ముందే దొరికింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం అదే. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రామరెడ్డిగారే 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే మనం ఇగ్నో అంటామే, దానికి కూడా తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. చదువు మనిషి గుమ్మందాకా రావాలన్న ఆలోచనకి మన ఊరే పుట్టినిల్లన్నమాట.

ఇప్పుడు టీచరు ముందున్న దారులు ముఖ్యంగా మూడు. మొదటిది తను చెప్పే సబ్జెక్టులోనే ఎం.ఏ. గానీ, ఎం.ఎస్సి. గానీ చెయ్యడం. హైస్కూలు నుంచి జూనియర్ కాలేజీకి వెళ్ళాలన్నా, కేంద్రీయ విద్యాలయంలో పెద్ద తరగతులకి చెప్పాలన్నా ఇది కావాలి. రెండోది ఎం.ఇడి. బి.ఇడి. చదివినవాళ్ళు చేసేది, రేపటి టీచర్లని తయారుచేసే కాలేజీల్లోకి దారి తీసేది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో దీన్ని ఏడాది నుంచి రెండేళ్ళు చేసింది. ఈ కాలవ్యవధిలో మళ్ళీ మార్పుల మాట నడుస్తోంది గనక, చేరే ఏడాది ప్రకటన చూసుకోవడం మంచిది. ఇది కాలేజీకి వెళ్ళి చదవవలసిన చదువు, సెలవు దొరకనివాళ్ళకి కష్టం. మూడోది ఎం.ఏ. ఎడ్యుకేషన్. ఇగ్నోలో ఇది ఏ డిగ్రీ వున్నవాళ్ళైనా ఇంటిదగ్గర నుంచి చదువుకోవచ్చు. కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా నాలుగేళ్ళు గడువు. పరీక్షలు జూన్ లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. చివర సొంతంగా ఒక పరిశోధన చేసి రాయాలి. మన వైపు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో దాని ప్రాంతీయ కేంద్రాలున్నాయి.

ఇవి కాక ఒక్కో అవసరానికి ఒక్కో చిన్న కోర్సు వుంది. ఇంగ్లీషు చెప్పే టీచర్లకి హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం పేరెన్నికగన్నది. 1958లో సెంట్రల్ ఇన్ స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ గా పుట్టిన సంస్థే అది. పోస్టు ద్వారా ఇంగ్లీషు టీచర్లకి పాఠాలు నేర్పడంలో దానికి ఎన్నో ఏళ్ళ అనుభవం వుంది. మైసూరులో 1963 నుంచి వున్న ప్రాంతీయ విద్యాసంస్థ మన దక్షిణాది టీచర్ల కోసం పెట్టిందే. అసలు ఫీజుల జోలికే పోలేనివాళ్ళకి 2017లో కేంద్ర ప్రభుత్వం తెరిచిన "స్వయం" వుంది. ఫోనులోనే పాఠాలు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష రుసుము.

ఏది ఎంచుకోవాలంటే, నాకు తోచిన కొలత ఒకటే. "ఈ చదువు నన్ను మళ్ళీ నా తరగతిలోకి పంపిస్తుందా?" అని అడుగుకోవాలి. 1953లో స్టీఫెన్ కోరీ అనే కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు, స్కూళ్ళని బాగుచేసే పరిశోధన బయటివాళ్ళు చేస్తే చాలదు, పాఠం చెప్పే టీచరే తన తరగతిలో చెయ్యాలి అంటూ ఒక పుస్తకమే రాశాడు. యాక్షన్ రిసెర్చి అని ఇప్పుడు బి.ఇడి. పుస్తకాల్లో కూడా కనపడే మాట అదే. పేరు పెద్దదిగానీ పని మనకి కొత్తదేం కాదు. ఇడ్లీ గట్టిపడుతోంది, ఎందుకు? రవ్వ ఎక్కువయిందా, పప్పు నానలేదా, పిండి పులవలేదా? ఒక్కొక్కటే మార్చి, ఏం జరిగిందో చూసి, పనికొచ్చింది వుంచుకుంటాం. టీచరు కూడా ఇలాగే ఒక చిన్న ప్రశ్న పట్టుకుని, ఒక మార్పు చేసి, ఏం జరిగిందో రోజూ రాసుకుని, తేలినదాన్ని బట్టి మళ్ళీ అడుగు వెయ్యడమే ఆ పరిశోధన.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. ఊళ్ళో జిరాక్సు దుకాణాల్లో తయారుగా వున్న ప్రాజెక్టు రిపోర్టులు అమ్ముతారు. పేరు మార్చి, అట్ట వేయించి ఇచ్చేస్తే పని అయిపోతుంది. అందరూ అదే చేస్తున్నారని పక్కవాళ్ళు ఊరిస్తారు. అక్కల్లారా, చెల్లెళ్ళారా, ఆ చదువులో తరగతికి చేరే ముక్క అదొక్కటే! దాన్నే కొనేస్తే ఇక మిగిలేది కాయితం. అటక మీద వుండే కాయితం కోసం రెండేళ్ళ నిద్ర పాడుచేసుకోవడమెందుకు? అంతకంటే హాయిగా పడుకోవడం మేలు.

రెండో జాగ్రత్త, సంస్థకి గుర్తింపు వుందో లేదో చూసుకోవాలి. గుర్తింపు వున్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ, మామూలు డిగ్రీతో సమానమేనని యు.జి.సి. 2022లో స్పష్టంగా ప్రకటించింది. కానీ గుర్తింపు ఏ కోర్సుకి, ఏ ఏడాదికి అన్నది యు.జి.సి. దూరవిద్యా విభాగం వారి జాబితాలో చూసుకోవాలి. గోడమీది ప్రకటన చూసి కాదు. "ఏడాదిలో డిగ్రీ, పరీక్ష కూడా మేమే చూసుకుంటాం" అన్నవాడి దగ్గర నుంచి రెండు వీధులు దూరంగా పోవాలి. మూడో జాగ్రత్త, ప్రభుత్వ టీచర్లు చేరకముందే పై అధికారుల అనుమతి కాయితం తీసుకోవాలి. తర్వాత సర్వీసు రిజిస్టరులో ఎక్కించుకునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పింది చదివేవాళ్ళ సంగతి. ఇక మన సంగతి. చదువుకి ఫీజు ఒకసారి కడతాం. వేళ మాత్రం ప్రతిరోజూ కట్టాలి. ఆ వేళ ఎక్కణ్ణించి వస్తుంది? పొద్దున్న అయిదుకి లేచి, టిఫిను, క్యారేజీలు, స్కూలు, సాయంత్రం దిద్దవలసిన నోటుపుస్తకాలు, రాత్రి వంట. వీటిలో ఏదో ఒకటి ఇంకొకరి చేతికి మారితే తప్ప ఆవిడకి గంట మిగలదు. మగవాళ్ళు చదువుకుంటుంటే ఇల్లంతా గుసగుసగా మాట్లాడుతుంది. ఆడవాళ్ళు చదువుకుంటుంటే "అమ్మా, నా సాక్సెక్కడ?" అని అడుగుతూనే వుంటుంది. నిజమా, కాదా?

మా యింట్లో రెండో ఏడు అదే ముంచుకొచ్చింది. వాళ్ళబ్బాయికి పదో తరగతి. అదే సమయానికి మా అత్తగారికి మోకాలి ఆపరేషను. డిసెంబరు పరీక్షలు నెల రోజుల్లో వున్నాయి. ఓ రాత్రి కిందికి వచ్చి మెట్ల మీద కూచుని "అక్కా, ఇక నావల్ల కాదు. పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టేస్తాను" అంది. అప్పటికి నాలుగు పేపర్లయ్యాయి. మానేస్తే ఎవరూ ఒక్కమాట అనేవారు కాదు. అదే అసలు ప్రమాదం! ఆడదాని చదువు ఆగిపోతే తప్పు ఎవరిదీ కాదు, పరిస్థితులదే.

మర్నాడు ఆదివారం. అందరం అత్తయ్యగారి మంచం చుట్టూ కూచున్నాం. ముందుగా నోరు విప్పింది ఆవిడే. "నాలుగేళ్ళ గడువుందన్నావుగా, ఇప్పుడు రాయకపోతే ఏం? జూన్ లో రాయి. మానెయ్యడానికీ ఆపడానికీ తేడా లేదా?" అన్నది. ఎనిమిదో తరగతి కూడా చదవని మనిషి! ఆ మాటతో దారి దొరికింది. డిసెంబరు వదిలేసింది. పొద్దున్న రెండు వాటాల టిఫినూ నేను చేసేటట్టు, రాత్రి వంటిల్లు సర్దడం మా మరిది చూసుకునేటట్టు, వాళ్ళబ్బాయి చదువుకునే బల్లకి అటు వాడు, ఇటు తల్లి కూచునేటట్టు ఏర్పాటైంది. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఆవిణ్ణి ఎవరూ పిలవకూడదు. చుట్టాల ఫోనొస్తే నేనే మాట్లాడతాను. మొదటి వారం మా మరిది గిన్నెలు తోమిన చప్పుడుకి చదువు సాగలేదు గానీ, తర్వాత సర్దుకుంది.

జూన్ లో రాసింది. ఆ మరుసటి జూన్ కి అంతా పూర్తయింది. జీతం పెరిగిందా అంటారా? ఇంకా లేదు. ప్రమోషను జాబితాలో పేరు ఎప్పుడొస్తుందో చెప్పలేం. కానీ వాళ్ళ స్కూల్లో ఇప్పుడు మరో ఇద్దరు టీచర్లు చీపురు కట్టలు పట్టుకెళ్ళారు. ఆ కిటికీ పక్క పిల్లవాడు తర్వాత తరగతికి వెళ్ళాడు. "వీడికి రాదు" అన్న ముద్ర వెంట తీసుకెళ్ళలేదు. ఒక ముద్ర చెరగడం చిన్న సంగతేం కాదు. ఆ ముద్రతోనే బడి మానేసినవాళ్ళు మన వీధిలో ఎంతమంది లేరు?

"ఈ వయసులో చదువేమిటి" అనేవాళ్ళకి దుర్గాబాయి దేశ్ ముఖ్ గారిని గుర్తుచెయ్యండి. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకి వెళ్ళొచ్చాక ఆవిడ మెట్రిక్ కట్టారు. ఆ తర్వాత ఎం.ఏ., ఆ తర్వాత లా. 1937లో ఆంధ్ర మహిళాసభ స్థాపించి, చదువు మధ్యలో ఆగిపోయిన ఎందరో ఆడవాళ్ళకి మళ్ళీ పలకాబలపం పట్టించారు. స్త్రీవిద్య కోసం 1958లో ప్రభుత్వం వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షురాలయ్యారు. ఆగిన చదువు మళ్ళీ మొదలెట్టినవాళ్ళకే ఇంకొకరి చదువు విలువ తెలుస్తుందేమో!

డిగ్రీ కట్టే వీలు ఇప్పట్లో లేని టీచర్లు ఒక పుస్తకంతో మొదలుపెట్టవచ్చు. గుజరాత్ లో గిజుభాయి బధేకా అని ఒక ప్లీడరు వుండేవారు. కొడుకు చదువు కోసం పుస్తకాలు తిరగేస్తూ వకీలు వృత్తి మానేసి, 1920లో భావ్ నగర్ లో చిన్నపిల్లల బడి పెట్టారు. ఒక టీచరు నాలుగో తరగతి పిల్లలతో ఏడాదిపాటు చేసిన ప్రయోగాల కథ "దివాస్వప్న" అని రాశారు. తెలుగులో "పగటి కల" పేరుతో దొరుకుతుంది. ఒక పాత నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, చదివినంత చదివి, తన తరగతిలో ఆ రోజు తెలియకుండా మిగిలిపోయిన ప్రశ్న ఒక్కటి రాసుకుంటే చాలు. పై చదువు అక్కడే మొదలైనట్టు. రేపు ఎం.ఏ.లో చేరినప్పుడు ఆ నోటుపుస్తకమే పరిశోధనకి విత్తనం అవుతుంది.

టీచర్లు లేని ఇళ్ళల్లో వున్న మనం కూడా చెయ్యగలిగింది ఒకటుంది. స్కూలుకి వెళ్ళినప్పుడు "మావాడికి ఎన్ని మార్కులు?" అని మాత్రమే అడిగి వచ్చేస్తాం. ఈసారి "మావాడు ఎక్కడ తడబడుతున్నాడండీ? ఎందుకంటారు?" అని అడిగి చూడండి. అలా అడిగే తల్లులుంటే, ఆ ప్రశ్నకి జవాబు వెతికే టీచర్లు తయారవుతారు. చదువుకునే టీచరు సిలబస్ లో రెండు రోజులు వెనకబడితే కాస్త ఓపిక పట్టండి.

ఇగ్నోలో చేరేందుకు జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి అవకాశం వస్తుంది. మీ యింట్లోనో, పక్కింట్లోనో ఓ టీచరమ్మ ఆ ప్రకటన చూసి పేపరు మడిచి పక్కన పెట్టేస్తూ వుంటే, "ఎందుకమ్మా ఇప్పుడు?" అనకండి. "రోజూ నీకు ఏ గంట కావాలి?" అని అడగండి. ఆ గంట ఇవ్వగలిగినవాళ్ళు ఆ చదువులో సగం చదివినట్టే.